చూడనిదానిని గూర్చిన సాక్ష్యము
తరంగ ప్రమేయమునకు అర్థమేమి?



ఈ మాసము నేను ఒక తప్పును గూర్చి వ్రాయుచున్నాను. అది ఇతరులది కాదు, నాదే.

కొన్ని సంవత్సరముల క్రిందట మహబూబాబాదులో జరిగిన యౌవనస్థుల కూటములో మాటలాడుటకు నన్ను పిలిచిరి. డోర్నకల్లు నుండియు జనగామ నుండియు పిల్లలు రైలు దిగి వచ్చిరి. భూపాలపల్లి పిల్లలు రెండు బస్సులు మారి వచ్చిరి. చదువుకొనిన పిల్లలు గదాయని నేను ఆ సాయంకాలము క్వాంటం శాస్త్రమును ప్రస్తావించితిని. పదార్థమనునది ఒక మనస్సు చూచువరకు లేనే లేదని శాస్త్రజ్ఞులు ఋజువు చేసియున్నారనియు, లోకము నిలిచియున్నది గనుక దానిని నిత్యము చూచుచున్న గొప్ప మనస్సు ఒకటి ఉండి తీరవలెననియు చెప్పితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి. నేనును సంతోషించితిని.

కూటము ముగిసి టీ త్రాగుచుండగా భూపాలపల్లి నుండి వచ్చిన ఒక పిల్లవాడు నాయొద్దకు వచ్చెను. తండ్రి సింగరేణి గనిలో కార్మికుడు; తాను వరంగల్లులో భౌతిక శాస్త్రము చదువుచుండెను.

“అయ్యగారూ, ఒక్క మాట అడగవచ్చునా? మా నాన్న దిగే గనిలోని బొగ్గు పాతిక కోట్ల యేండ్లకు ముందటిదని చెప్పుతారు. ఆ కాలమంతా దానిని ఏ మనిషీ చూడలేదు. మరి బొగ్గు లేకుండెనా?”

“దేవుడు చూచుచుండెను గదా, నాయనా” అంటిని.

అతడు కొంచెము తల వంచుకొని, “దేవుడు అన్నిటినీ ఎల్లప్పుడు చూచుచున్నాడు గదా అయ్యగారూ. ఎవరైనా చూస్తే తరంగము పోవునని మీరే అంటిరి. అట్లయితే ప్రయోగశాలలో తరంగము ఒక్కనాడూ కనబడకూడదు. కాని కనబడుతున్నది. ఆయన చూపు లెక్కకు రాదా?” అనెను.

నాకు జవాబు తోచలేదు. టీ చల్లారుచున్నదని చెప్పి మాట మార్చితిని. ఆ పిల్లవాడు నమస్కారము చేసి బస్సుకు పోయెను. అతడు అవిశ్వాసముతో అడిగినట్టు నాకు కనబడలేదు. నేను చెప్పినది నిజమా కాదా అని మాత్రమే అడిగెను. దానినుండి నేను తప్పించుకొంటిని. అది చాలా దినములు నన్ను బాధించెను గనుక, తెలిసినవారిని అడిగి, పుస్తకములు తెచ్చుకొని, ఆ సంగతిని నిదానముగా చదివితిని. చదివినది మీ యెదుట పెట్టుచున్నాను. ఏలయనగా దానిలో మనకు సంబంధించిన ధర్మ ప్రశ్న ఒకటి యున్నది: అర్థము పూర్తిగా తెలియనిదానిని గూర్చి మనుష్యుడు ఎంతవరకు సాక్ష్యము చెప్పవచ్చును?

మొదట సంగతి ఏమో చూతము. మన ప్రాంతమున బయ్యారము చెరువు కాకతీయుల నాటిది. మీలో అనేకులు చూచియుందురు. గట్టున నిలిచి రెండు రాళ్లు కొంచెము ఎడముగా వేయుడి. రెండు అలల వలయములు వ్యాపించి ఒకదానినొకటి కలిసికొనును. ఎత్తుమీద ఎత్తు పడినచోట నీరు మరింత లేచును. ఎత్తుమీద పల్లము పడినచోట నీరు కదలక నిలుచును. ఇది అలల స్వభావము. రాళ్లకు ఈ స్వభావము లేదు. రెండు రాళ్లు కలిసి రాయి లేకుండ పోవుట ఎవరును చూడలేదు.

ఇప్పుడు ఎలక్ట్రానులను ఒక్కొక్కటిగా రెండు సన్నని దారులున్న అడ్డము మీదికి పంపి, అవతల తెర పెట్టిన యెడల ఏమగును? 1989లో జపాను దేశమున టోనోమురా అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును అట్టి ప్రయోగమును చేసి చూపించిరి. ప్రతి ఎలక్ట్రాను తెరమీద ఒకేచోట ఒక చుక్కగా పడెను, రాయి పడినట్లే. కాని వేలకొలది చుక్కలు పడిన పిమ్మట చూడగా అవి చారలు చారలుగా ఏర్పడియుండెను, అలలు కలిసికొనినట్లే. ఒక ఎలక్ట్రానుకు మరియొకటి తోడు లేదు, ఒంటరిగానే వచ్చినది. అయినను కొన్నిచోట్ల ఏదియు పడదు.

ఈ చారలను లెక్క కట్టుటకు ఉపయోగపడునదే తరంగ ప్రమేయము. దానికి సై అను గ్రీకు అక్షరమును గుర్తుగా వాడుదురు. కణములకు తరంగ స్వభావము కలదని 1924లో ఫ్రాన్సు దేశస్థుడైన డి బ్రోయ్ చెప్పగా, 1926లో ఆస్ట్రియా దేశస్థుడైన ష్రోడింగర్ ఆ తరంగము ఎట్లు నడచునో తెలుపు సమీకరణమును వ్రాసెను. ఎలక్ట్రాను నిజముగా వ్యాపించిన అలయే అని ఆయన మొదట తలంచెను. కాని ఒక చిక్కు వచ్చినది. చెరువులోని అల మన కన్నులయెదుట ఉన్న చోటులోనే ఆడును. సై అట్టిది కాదు. ఎలక్ట్రాను ఒకటైతే పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలలో ఉండును. రెండైతే ఆరు కొలతలు, మూడైతే తొమ్మిది కొలతలు కావలెను. అట్టి చోటు మన లోకములో ఎక్కడను లేదు. మరి ఈ అల దేని అల?

ఆ సంవత్సరమే జర్మనీలో మాక్స్ బోర్న్ అను ఆచార్యుడు జవాబు చెప్పెను. ఇది పదార్థపు అల కాదు; ఎలక్ట్రాను ఎక్కడ దొరకునో దాని సంభావ్యతను తెలుపు లెక్క. ఇక్కడ నా మనస్సును పట్టుకొనిన చిన్న సంగతి యొకటి కలదు. ఆయన తన వ్యాసములో సైయే సంభావ్యతను తెలుపునని వ్రాసి పంపెను. అచ్చు ప్రతి దిద్దునప్పుడు మరల ఆలోచించి, అడుగున ఒక వాక్యము చేర్చెను: మరింత జాగ్రత్తగా చూచిన యెడల సంభావ్యత సైకి కాదు, సై యొక్క వర్గమునకు అనుపాతముగా నుండునని. ఒకచోట అల ఎత్తు 3, మరియొకచోట 1 అయిన యెడల, అక్కడ దొరకుటకును ఇక్కడ దొరకుటకును గల నిష్పత్తి 3కు 1 కాదు, 9కి 1. పై వ్యాసములో నున్నది పొరపాటు. అడుగున నున్న ఆ చిన్న వాక్యమే ఈ దినమువరకు నిలిచిన నియమము. ఈ పనికే 1954లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. యూదుల కుటుంబమున పుట్టినందున 1933లో జర్మనీలో పదవి పోగా, 1935–36లో రామన్ గారి పిలుపున బెంగుళూరునకు వచ్చి విజ్ఞాన సంస్థలో కొన్ని నెలలు పాఠములు చెప్పిన బోర్న్ గారు ఈయనే.

ఆ వర్గమువలన ఏమగుచున్నదో చూడుడి. ఒక దారి మాత్రమే తెరచినప్పుడు ఒకచోట ఎత్తు 1, సంభావ్యత 1. రెండవ దారి మాత్రమే తెరచినప్పుడు అక్కడ పల్లము 1, అనగా ఋణము 1. వర్గము చేసిన అదియు 1. రెండు దారులును తెరచిన యెడల ఎత్తును పల్లమును ముందు కలియును, మొత్తము సున్న. ఏ దారియైనను ఒక్కటే తెరచినప్పుడు ఎలక్ట్రాను అక్కడికి వచ్చుచుండెను. రెండును తెరచినప్పుడు రాదు. మన సంతలోని సంభావ్యత ఈలాగు నడువదు. రెండు ద్వారములు తెరచినందున సంతకు వచ్చు జనము తగ్గుట ఎక్కడను లేదు గదా.

ఇక్కడ తెలివిగలవారు ఒక మాట అందురు: “ఇదంతయు మన అజ్ఞానమే. మహబూబాబాదు మార్కెట్టు యార్డులో మూతి కుట్టిన మిర్చి బస్తా యున్నది. లోపల సరుకు పొడిగా నున్నదో తడిసినదో మనకు తెలియదు. సగము సగము అందుము. కాని బస్తాలో ఏదో యొకటి ముందే స్థిరముగా నున్నది. సై కూడ అట్టిదే.” ఇది మూర్ఖుల మాట కాదు. ఐన్‌స్టీన్ 1935లో మరి ఇద్దరితో కలిసి ఈ పక్షముననే వాదించెను. దీనిని పరీక్షింపవచ్చునని 1964లో జాన్ బెల్ అను ఉత్తర ఐర్లండు దేశస్థుడు కనుగొనెను. ఆయన తర్కమును మన ఊరి మాటలలో చెప్పుదును.

ఇద్దరు అన్నదమ్ములను ఒకనిని జనగామకును ఒకనిని భూపాలపల్లికిని ప్రతిదినము తీసికొనిపోయి విచారణ చేయుచున్నారనుకొనుడి. అవునని గాని కాదని గాని చెప్పవలసిన ప్రశ్నలు మూడు కలవు. ఏ దినమున ఎవనికి ఏ ప్రశ్న వేయుదురో ముందుగా తెలియదు. వారి మధ్య కబురు పోవు వీలు లేదు. ఇద్దరికిని ఒకే ప్రశ్న పడిన దినమున ఎప్పుడును ఒకే జవాబు చెప్పుచున్నారు. మనమేమనుకొందుము? బయలుదేరకముందే మూడు ప్రశ్నలకును జవాబులు కూడబలుకుకొన్నారని. సరే. జవాబులు మూడు, రకములు రెండే; గనుక కనీసము రెండు జవాబులు ఒకటే కావలెను. అందువలన వేరు వేరు ప్రశ్నలు పడిన దినములలో కూడ మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండ వారి జవాబులు కలియవలెను. అట్టి దినములు 1200 అయిన యెడల ఇంచుమించు 400కు తక్కువ కాకూడదు. రికార్డు తీసి చూడగా 300 మాత్రమే యున్నవి. అప్పుడు న్యాయాధిపతి, “వీరు ఇంటివద్ద కూడబలుకుకొన్నారను మాట నిలువదు” అని చెప్పవలసినదే.

ఒకేచోట పుట్టిన రెండు కాంతి కణముల విషయములో క్వాంటం లెక్క అంతే చెప్పును: మూడింట ఒకటి కాదు, నాలుగింట ఒకటి. ఇట్టి పరీక్షలను 1972లో అమెరికాలో క్లౌజర్, 1982లో ఫ్రాన్సులో ఆస్పె, తరువాత ఆస్ట్రియాలో జైలింగర్ చేసిరి; 2015లో సందేహములకు మిగిలిన సందులను కూడ మూసిరి. ఆ ముగ్గురికి 2022లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. ప్రకృతి ప్రతిసారియు క్వాంటం లెక్కకే సాక్ష్యమిచ్చినది. ఈ సందర్భమున మన తెలుగు వారి పేరు ఒకటి చెప్పవలెను. కాంతి కణమునకు భ్రమణము కలదని ప్రయోగము ద్వారా 1931లో రామన్ గారితో కలిసి చూపించినవారు సూరి భగవంతము గారు. తరువాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

గనుక సై మిర్చి బస్తావంటి సామాన్యపు అజ్ఞానము కాదు. మరి అది ఏమి? ఇక్కడ శాస్త్రజ్ఞులు వేరు వేరు త్రోవలు పట్టిరి. అది ప్రయోగ ఫలితములను చెప్పు సాధనమే గాని వేరొక చిత్రము కాదని కొందరు. కణము ఎల్లప్పుడు ఒకచోట ఉండును, అల దానిని నడిపించునని 1952లో డేవిడ్ బోమ్ చెప్పెను. అట్లైన యెడల దూరముననున్న సోదరుని ప్రభావము ఇక్కడ వెంటనే పడునని ఒప్పుకొనవలెను. అలయే సత్యము, ప్రతి ఫలితమును ఒక్కొక్క శాఖలో జరుగుచునే యున్నదని 1957లో ఎవరెట్ చెప్పెను. అల తనంతట తానే అప్పుడప్పుడు కూలునని 1986లో ముగ్గురు ఇటలీ దేశమున చెప్పిరి. 2025లో నేచర్ పత్రిక వెయ్యిమందికి పైగా భౌతిక శాస్త్రజ్ఞులను అడుగగా, ఏ ఒక్క అర్థమునకును సగము మంది సమ్మతియైనను రాలేదు.

నేను కూటములో చెప్పినది ఎక్కడిది? మనస్సు చూచినప్పుడే అల కూలునను మాట 1961లో యూజీన్ విగ్నర్ అను గొప్ప శాస్త్రజ్ఞుడు వ్రాసిన అభిప్రాయమునకు దగ్గరది. అభిప్రాయమే, ఋజువు కాదు. తరువాత ఆయనే దానిని విడిచిపెట్టెను. విడిచిపెట్టిన సంగతి నాకు తెలియదు. మొదటి మాటను మాత్రము ఎక్కడనో చదివి, ఋజువని పేరు పెట్టి, పిల్లలకు వడ్డించితిని.

2003లో వియన్నా నగరమున 70 కార్బను పరమాణువులు గల అణువులతో చారలు ఏర్పరచి, ఆ మార్గములోనికి కొంచెము కొంచెముగా వాయువును వదలిరి. వాయువు పెరిగిన కొలది చారలు క్షీణించినవి. వాయువు అణువులు తగిలి మార్గపు జాడను మోసికొనిపోవుటయే దానికి కారణము. ఆ జాడను ఏ మనస్సును చదువలేదు. గనుక భూపాలపల్లి బొగ్గు తాను బొగ్గుగా నుండుటకు ఎవరి చూపుకొరకును వేచియుండలేదు. చుట్టునున్న రాయియు నీరును వేడిమియు చాలును. అనేక ఫలితములలో ఒక్కటే ఏల కలుగునను ప్రశ్న దీనివలన తీరలేదు. కాని నా ప్రసంగము మాత్రము నిలువదు.

ఇక ధర్మ ప్రశ్నకు వత్తము. “ఉద్దేశము మంచిదే గదా, దేవుని పక్షముననే గదా మాటలాడితివి” అని ఒక మిత్రుడు నన్ను ఓదార్చెను. యోబు గ్రంథమును చదివినవారికి ఈ ఓదార్పు చాలదు. యోబు స్నేహితులు ఆద్యంతము దేవుని పక్షముననే వాదించిరి. గ్రంథాంతమున గద్దింపు పొందినది వారే. తమకు తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి ఒక బాధితుని మీద మోపిరి. తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానికి విరోధమైన అబద్ధసాక్ష్యమునే నిషేధించుచున్నది, దేవునికి అనుకూలమైన అబద్ధసాక్ష్యము ఫరవాలేదని ఎవరైనను అందురా? పైగా విరోధము లేదని అనుటకును వీలులేదు. ఆ సాయంకాలము నా మాటవలన నష్టపడిన పొరుగువాడు ఆ విద్యార్థియే. తన చదువును నమ్మవలెనో, తన పెద్దలను నమ్మవలెనో అను అక్కరలేని బరువును అతని భుజముల మీద పెట్టితిని.

“అట్లయితే పూర్తిగా తెలియనిదే ఎవరును నోరు తెరువకూడదా?” అని అడుగవచ్చును. అట్లు కాదు. శాస్త్రజ్ఞులనే చూడుడి. సై అర్థము తేలక ఇంచుమించు నూరేండ్లు గడచినవి. వారు పని మానలేదు. ఆ నియమము మీదనే లేజరు, సెల్‌ఫోనులోని చిప్పు, ఆసుపత్రిలోని ఎం.ఆర్.ఐ. యంత్రము నడచుచున్నవి. మన ప్రభుత్వము 2023లో ఆరు వేల కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషనును ప్రారంభించినది. అర్థము తేలకుండ ఇంత పని ఎట్లు సాధ్యమైనది? లెక్కించి చూచినదానిని ఒక ప్రక్కను, దానినుండి ఊహించినదానిని ఒక ప్రక్కను పెట్టుటవలననే. ఇక్కడ పడుటకు పదింట తొమ్మిది పాళ్లు అని చెప్పువాడు మౌనముగా లేడు. తనకు తెలిసినంత చెప్పుచున్నాడు, తెలియనంత మిగుల్చుచున్నాడు.

మరియొక వైపునను పొరపాటు కలదు. “లెక్క సరిపోయినది గదా, అర్థమడుగుట వృథా” అనువారు కూడ తమకు తెలిసినదానికంటె ఎక్కువ చెప్పుచున్నారు. అర్థము లేదని వారికెట్లు తెలియును? ఐన్‌స్టీన్ కోరిన జవాబు ఆయన కోరినట్లు దొరకలేదు. కాని ఆయన అడుగకపోయిన యెడల బెల్ పరీక్ష పుట్టెడిది కాదు. నిజాయితీగా అడిగిన ప్రశ్న, అడిగినవాని పక్షము ఓడినను, వ్యర్థము కాదు. భూపాలపల్లి పిల్లవాని ప్రశ్న అట్టిదే.

కనుక నేను నేర్చుకొనినది సై నుండి కాదు. సై నుండి భక్తి పాఠము తీయబోయిన యెడల మరల పాత తప్పే చేయుదును. ఆ పని చేసిన మనుష్యుల నడతనుండి నేర్చుకొంటిని. ఒకడు అచ్చుకు పోవుచున్న తన వ్యాసమునకు తానే సవరణ వ్రాసెను. మరియొకడు లోకము మెచ్చిన తన అభిప్రాయమును తానే విడిచెను. వారు ఏమి నమ్మిరో నేను ఎరుగను. సత్యము ఎడల వారు చూపిన భయము మాత్రము మనకుండవలసినదే. బల్లమీద నిలిచి మాటలాడు మనవంటివారము ప్రతి వాక్యమునకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది: ఇది నేను తెలిసికొనినదా? తెలిసినదానినుండి ఊహించినదా? నిజమైన బాగుండునని కోరుకొనినదా? మూడింటిని చెప్పవచ్చును. ఒకదానికి ఇంకొకదాని పేరు పెట్టకూడదు. విశ్వాసమును విశ్వాసమని చెప్పుటకు సిగ్గేల? దానికి ప్రయోగశాల ముద్ర దొంగతనముగా వేయనక్కరలేదు. అట్లు వేసిన యెడల, ముద్ర చెరిగిన దినమున విశ్వాసమే చెరిగినదని పిల్లలు తలంతురు. ఆ దోషము వారిది కాదు.

ఆ విద్యార్థికి నేను ఉత్తరము వ్రాసితిని. “బాబూ, ఆనాడు టీ చల్లారలేదు. నాకు జవాబు తెలియలేదు. నీ ప్రశ్న సరియైనది, నా మాట తప్పు” అని అందులో మొదటి వాక్యములు. పది దినములకు జవాబు వచ్చినది. నేను పంపిన లెక్కలో ఒకచోట వర్గము చేయుట మరచితినని దిద్ది పంపెను.

వచ్చు యౌవనస్థుల కూటమునకు నన్ను మరల పిలిచియున్నారు. చప్పట్లు కొట్టిన ఆ పిల్లలలో కొందరైనను అక్కడ నుందురు. మొదట లేచి ఈ సవరణను చదివెదను. ఆ తరువాతనే ప్రసంగము.